కండరం పంపే కబురు

షుగర్ మాట రాగానే మన ఆలోచన క్లోమం దగ్గరే ఆగిపోతుంది. ఇన్సులిన్ పుట్టేది అక్కడే మరి. అయితే భోజనం తర్వాత, ఆ ఇన్సులిన్ పిలుపు విని రక్తంలోని చక్కెరను పెద్ద ఎత్తున లోపలికి తీసుకునేవి కండరాలు. అంతేకాదు, పని చేస్తున్న కండరం గ్రంథిలాగా హార్మోన్లను కూడా రక్తంలోకి వదులుతుంది.

2000లో కోపెన్‌హాగన్‌లో శాస్త్రవేత్త బెంటె క్లార్లుండ్ పెడెర్సన్ బృందం, వ్యాయామం చేస్తున్న కాలి కండరాల నుంచి ఇంటర్‌ల్యూకిన్-6 అనే ప్రోటీన్ వెలువడుతోందని చూపింది. 2021లో కొవిడ్ రెండో ఉద్ధృతి నాడు ఎన్నో కుటుంబాలు ఊరూరా వెతికిన టోసిలిజుమాబ్ ఇంజెక్షన్ అడ్డుకునేది దీని పనినే. జబ్బులో వాపును ఎగదోసే పదార్థమే నడిచే మనిషికి మేలెలా చేస్తుంది? ఊబకాయంలో అది కొద్దికొద్దిగా, ఎడతెగకుండా రక్తంలో ఉంటుంది. వ్యాయామంలో ఒక్కసారిగా పెరిగి, కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. కండరంలో నిల్వ ఉన్న చక్కెర తరిగేకొద్దీ మరింతగా వెలువడి, ఇంధనం పంపమని కాలేయానికీ కొవ్వుకూ కబురు పెడుతుంది. ఎలుకల్లోనైతే ఇన్సులిన్‌ను పెంచే జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌ను కూడా ఎక్కువ చేసింది.

నన్ను బాగా కదిలించింది 2019 నాటి ప్రయోగం. పొట్ట పెరిగినవారు 12 వారాలు సైకిల్ తొక్కితే కడుపులోపలి కొవ్వు తగ్గింది. అంతే వ్యాయామం చేస్తూ టోసిలిజుమాబ్ తీసుకున్నవారిలో మాత్రం తగ్గలేదు. చెమట అదే, కబురు మాత్రం చేరలేదు. షుగర్‌ ముప్పును పెంచేవాటిలో ఆ లోపలి కొవ్వు ఒకటని గుర్తుంచుకుంటే దీని విలువ తెలుస్తుంది.

కండరం కదులుతున్నంతసేపూ ఇన్సులిన్ సాయం లేకుండానే చక్కెరను లాక్కోగలదు. ఇన్సులిన్‌కు శరీరం సరిగ్గా స్పందించనివారికి ఇది నిజంగా గొప్ప ఊరట. (ఇన్సులిన్, కొన్ని రకాల షుగర్ మాత్రలు వాడేవారికి చక్కెర మరీ పడిపోవచ్చు. వారు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి.)

దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో తేల్చింది. వారిలో చాలామంది ‘రోజూ నడవండి’ అన్న సలహా వినే ఉంటారు. ఎక్కడ నడవాలి? కాలిబాట మీద బైకులు, తోపుడు బళ్లు. చీకటి పడితే దీపాల్లేని పార్కు, అందులోకి ఒంటరిగా వెళ్లడానికి జంకే మహిళలు. మందుల దుకాణానికి స్థలం దొరికే ప్రతి కాలనీలోనూ నడకకు చోటు ఉండాలి. దానికయ్యే ఖర్చును పురపాలక సంఘాలు సుందరీకరణ పద్దులో కాకుండా ఆరోగ్యం పద్దులో రాయాలి.