ఒక్క సంచికీ అదే రుసుమా?

సంపాదకులకు,

గత సంచికలో 'చెత్త బండికి అందరూ కట్టాల్సిందే' అన్న పాఠకుడి వాదన నాకు మింగుడుపడలేదు. 2021 అక్టోబరు 2న విజయవాడలో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పథకం మొదలయ్యాక చెత్త సేకరణకు ఇంటికి నెలకు 120 రూపాయల దాకా అడిగితే, జనం పిసినారితనంతో ఎదురు తిరిగారట! కాదండీ. ఆస్తి పన్ను కడుతూనే ఉన్నాం, మళ్లీ ఇదేమిటని అడిగారు. ముఖ్యమంత్రి చంద్రబాబు 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ఆ చెత్త పన్ను రద్దు ప్రకటించారు.

ఇక్కడ ఆస్ట్రేలియాలో, పెర్త్ శివారు కానింగ్ వేల్‌లో మా ఇంట్లో ముగ్గురం. కూరగాయల తొక్కలు, కాఫీ పిప్పి, వడలిన తోటకూర అన్నీ పెరటి గుంతలోకే. ఆ ఎరువుతోనే కరివేపాకు చెట్టు నా భుజం దాటింది. ఖాళీ సీసాలు పది సెంట్ల చొప్పున తిరిగిచ్చేస్తాం. బండి వచ్చే రోజు బిన్ మూత తీస్తే అడుగున ఒకే ఒక్క సంచి. మూత పడనంతగా నింపే ఇంటితో సమానంగా మేమూ కట్టాలా? ముసలివాళ్లకు, అద్దె ఇళ్లవాళ్లకు బండి కావాలి, ఒప్పుకుంటాను. నేను వద్దనేది నిర్బంధాన్నే.

ఏటా జరిగే ఓటర్ల సమావేశంలో అందరూ కట్టాలన్న తీర్మానం నెగ్గినా కౌన్సిల్ దాన్ని పరిశీలిస్తుందంతే, కట్టుబడనక్కర్లేదు. అయినా నా చెయ్యి వ్యతిరేకంగానే లేస్తుంది. మన పేట కొంత కానింగ్ నగరం కింద, కొంత గాస్నెల్స్ కింద ఉంది. మీ ఇల్లు ఎటు పడిందో చూసుకుని మీరూ రండి.

- ఒక పాఠకుడు, కానింగ్ వేల్