పూసలకో బల్ల

నేను పూసల పని చేస్తానని తెలిసిన దగ్గర్నుంచీ అందరూ నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "ఏ డబ్బాలు కొనమంటారు?" పాట్‌లక్‌లో అడుగుతారు, గుడిలో ప్రసాదం వరసలో అడుగుతారు, పిల్లల కూచిపూడి క్లాసు బయట కార్లో కూర్చుంటే అద్దం దింపించి మరీ అడుగుతారు. ఎన్ని అరలుండాలి, మూత తిప్పేదా, నొక్కేదా, గాజువా, ప్లాస్టిక్‌వా? సరైన డబ్బా ఒక్కటి దొరికితే ఇల్లూ పనీ రెండూ ఓ దారికొచ్చేస్తాయని వాళ్ళ ఆశ.

రావు. ఆ మాట చెప్పటానికే ఈ వ్యాసం.

పగలంతా డేటాబేస్‌లతో కుస్తీ పట్టటం నా ఉద్యోగం. రాత్రిళ్ళూ వారాంతాలూ పూసలతో. రెండు చోట్లా నాకు అనుభవంలోకి వచ్చింది ఒకటే. వస్తువుని ఎందులో పెట్టామన్నది చిన్న ప్రశ్న. అది కావలసినప్పుడు ఎంతసేపట్లో చేతికొస్తుంది, వచ్చాక పని చేసుకోవటానికి చోటుందా అన్నవి పెద్ద ప్రశ్నలు. మనవాళ్ళు చిన్న ప్రశ్న మీద డాలర్లు కుమ్మరించి, పెద్ద ప్రశ్నల్ని పాత సూట్‌కేసులతో పాటు బేస్‌మెంట్‌లోకి నెట్టేస్తున్నారు.

చిన్న ప్రశ్నని ముందు తేల్చేద్దాం. ఈమధ్య ఏ ఇంటికెళ్ళినా కనిపిస్తున్న ముచ్చట ఒకటుంది. గుండ్రటి గాజు సీసాల్లో ఎరుపు నుంచి ఊదా దాకా ఇంద్రధనుస్సులా పూసలు పోసి, కిటికీ గట్టు మీద వరసగా పేరుస్తారు. ఫొటోకి బ్రహ్మాండంగా ఉంటుంది. పూసలకి మాత్రం అంతకంటే చెరుపు లేదు. రంగు అద్దిన పూసలు, అందులోనూ గులాబీ, ఊదా రంగులవి, ఎండ తగిలితే వెలిసిపోతాయి. అదీగాక పనికి కావలసింది "నీలం" కాదు. పదకొండో సైజు గుండ్రటి పూస దాదాపు రెండు మిల్లీమీటర్లుంటుంది, పదిహేనో సైజుది ఒకటిన్నర, ఎనిమిదో సైజుది మూడు. అంకె పెరిగేకొద్దీ పూస చిన్నదవుతుంది. మళ్ళీ అదే పదకొండో సైజులో డెలికా అని సన్నటి గొట్టంలాంటి రకం ఉంది. నీలాలన్నీ ఒకే సీసాలో పోశారనుకోండి, అల్లికలో నాలుగో వరసకల్లా అంచు అలలు తిరుగుతుంది. విప్పి మళ్ళీ మొదలుపెట్టాల్సిందే.

మా భాషలో చెప్పాలంటే, రంగు కీ కాదు. పూసకి కీ నాలుగు ముక్కలు: తయారీదారు, ఆకారం, సైజు, రంగు నంబరు. జపాన్‌లో హిరోషిమా ప్రాంతం నుంచి వచ్చే మియుకీ, టోహో పూసల గొట్టాల మీద ఇవన్నీ ముద్రించే ఉంటాయి. మియుకీ డెలికాలో డీబీ-10 అంటే నలుపు, డీబీ-200 అంటే తెలుపు. ఏ దేశంలో కొన్నా అదే. ఆ గొట్టాన్ని పారేసి అందమైన సీసాలోకి పోసిన నిమిషంలో ఆ సమాచారం కాస్తా పోయింది. రేపు మెడ గొలుసు పూర్తవటానికి ఇరవై పూసలు తక్కువపడితే ఏం పేరు చెప్పి తెప్పించుకుంటారు? 2025లో అమెరికాలో జోఆన్ దుకాణాలన్నీ మూతపడ్డాయి. పూసని పట్టుకెళ్ళి పక్కన పెట్టి పోల్చుకునే చోట్లలో ఒకటి తగ్గింది. ఇకముందు మనకి దిక్కు ఆ చీటీయే. చీటీతో సహా గొట్టాన్ని అలాగే ఉంచండి, షూ పెట్టెలో నిలబెట్టినా చాలు. ఒకే నంబరైనా రెండోసారి కొన్న గొట్టాన్ని మొదటిదాన్లో కలపకండి. లాటు మారితే ఛాయ మారవచ్చు.

అరలున్న పెట్టె కొంటానంటే ఒక్క పరీక్ష. ఒక అరలో చిన్న పూసలు నాలుగు వేసి, మూతపెట్టి, తలకిందులు చేసి ఊపండి. అన్ని అరలకీ కలిపి ఒకే మూత ఉండి, దానికీ అర గోడకీ మధ్య వెంట్రుకవాసి సందున్నా పదిహేనో సైజు పూస పక్కింటికి వలసపోతుంది. మా షికాగో వైపు ఇంకో తంటా. చలికాలం హీటరు వేసి గాలి ఎండిపోయాక ప్లాస్టిక్ మూత తీస్తే, సన్న పూసలు స్టాటిక్‌తో మూతకి అంటుకుని పైకి లేస్తాయి. డ్రయ్యరులో వేసే షీటుతో మూతని ఒకసారి తుడిస్తే ఆ గోల తగ్గుతుంది. సగం అల్లిన పని ఉంటే దాని పూసలూ, సూదీ, దారమూ, నమూనా కాగితమూ అన్నీ ఒకే పళ్ళెంలో ఉండాలి. సైజు వారీ సర్దుడు కొత్త పనికి. జరుగుతున్న పనికి దాని పళ్ళెమే ఇల్లు.

ఇంతే శాస్త్రం. పూసగుచ్చినట్టు చెప్పినా పది నిమిషాలు పట్టలేదు. ఖర్చు కూడా నలుగురు బయట భోంచేసినంత కాదు. మరి ఇంత తేలికైన పని మన ఇళ్ళలో నెల రోజులు నిలవదేం? డబ్బాలు కొన్నవాళ్ళ ఇళ్ళలో కూడా మూడో నెలకల్లా పూసలన్నీ కలిసి పులిహోర అయిపోతాయేం?

ఎందుకంటే ఆ పని జరిగేది భోజనాల బల్ల మీద.

నాకు తెలిసినావిడ ఒకావిడ ఉంది. సివిల్ ఇంజనీరింగ్ చదివింది, 2008లో హెచ్‌-4 మీద వచ్చింది. ఆవిడ చేతి అల్లిక చూస్తే కళ్ళు తిప్పుకోలేం. ఆవిడ ఇంట్లో ఫార్మల్ డైనింగ్ రూమ్ ఉంది. పన్నెండు కుర్చీల బల్ల నిగనిగలాడుతూ ఉంటుంది. దాన్ని ముట్టుకోకూడదు, ఎవరైనా వస్తే? ఆ ఎవరో ఏడాదికి రెండుసార్లు వస్తారు, సత్యనారాయణ వ్రతానికీ, బొమ్మల కొలువుకీ. కాబట్టి పూసలు వంటింటి పక్కనున్న చిన్న బల్ల మీద పరుచుకోవాలి. పిల్లలు బడి నుంచి రాగానే తియ్యాలి. మళ్ళీ పరవాలి. రాత్రి భోజనాలకి తియ్యాలి. తీసేటప్పుడు తొందర, తొందరలో నాలుగు కుప్పలు ఒక కుప్పవుతాయి. సగం అల్లిన హారం పిజ్జా పెట్టెలో పడుకుని ఫ్రిజ్ నెత్తికెక్కుతుంది. ఆవిడకి ఇంకో వంద అరల డబ్బా కొనిస్తే ఏం లాభం?

లెక్క వేసి చూపిస్తాను, లెక్కలంటే మనవాళ్ళకి నమ్మకం కదా. ఒకటిన్నర అంగుళం వెడల్పు, ఏడంగుళాల పొడవుతో బ్రేస్‌లెట్ అల్లాలంటే డెలికా పూసలు మూడు వేల పైచిలుకు పడతాయి. ఒక్కొక్కటీ సూదిమొనతో ఎత్తాలి. చెయ్యి తిరిగినవాళ్ళకైనా పది గంటల పని అనుకోండి. ఆవిడకి ఒక్కోసారి దొరికేది గంట. పరవటానికి పది నిమిషాలు, తియ్యటానికి పది. మిగిలింది నలభై. పది గంటల పనికి పదిహేనుసార్లు కూర్చోవాలి. పరవటానికీ తియ్యటానికీ అయిదు గంటలు! ఆఫీసులో నా టీమ్ టైమ్‌లో మూడోవంతు ఇలా పోతే మేనేజరు మీటింగు మీద మీటింగు పెడతాడు. ఇంట్లో మాత్రం దాని పేరు, "ఆవిడకి ఓపిక లేదండీ, ఏదీ పూర్తిచెయ్యదు."

ఇప్పుడు ఇల్లంతా ఒకసారి తిరిగి చూడండి. అయ్యగారికి ఆఫీస్ రూమ్ ఉంది, తలుపుంది, రెండు మానిటర్లున్నాయి. వారానికి మూడు రోజులు ఆయన వెళ్ళేది కంపెనీ ఆఫీసుకే, అయినా ఆ గది ఆయనదే. గరాజ్‌లో గోల్ఫ్ కర్రలకి గోడంతా కొక్కేలు. బేస్‌మెంట్‌లో సినిమా తెర. బట్టలు ఆరేసుకోవటానికి ట్రెడ్‌మిల్‌కి సైతం స్థిరమైన చోటుంది. మూడు వేల చదరపు అడుగుల ఇంట్లో రెండడుగులు వెడల్పూ మూడడుగులు పొడవూ ఉన్న బల్ల ఒకటి, ఎవరూ కదపనిది, ఆవిడకి లేదు.

అడిగితే వచ్చే జవాబు: "అది టైంపాస్ కదండీ." నాకు ఒళ్ళు మండేది ఈ మాట దగ్గరే. ఆవిడ టైంని ఎవరు పాస్ చేయించారు? 2015 మే దాకా హెచ్‌-4 మీద ఉద్యోగం చెయ్యటానికి వీల్లేదు. ఆ తరవాత కూడా భర్త గ్రీన్‌కార్డు వ్యవహారం ఒక మెట్టు దాటితేనే అనుమతి. అల్లింది అమ్ముకుందామంటే వీసాకి ఏం ముంచుకొస్తుందోనని భయం. ఇంజనీరింగ్ చదివిన చేతులు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉండలేక ఒక విద్య పట్టుకున్నాయి. దాన్ని నేర్చుకుని, నెగ్గి, ఇంత ఎత్తుకి తీసుకొచ్చాక మనం దానికిచ్చిన బిరుదు టైంపాస్!

పూస చిన్నదే, దాని చరిత్ర చిన్నది కాదు. తిరుపతి దగ్గర పాపానాయుడుపేటలో గాజు కరిగించి, సన్నటి గొట్టాలుగా లాగి, ముక్కలుగా కోసి పూసలు చేసే పద్ధతిని పరిశోధకులు పనిగట్టుకుని వచ్చి అధ్యయనం చేశారు. పుదుచ్చేరి దగ్గరి అరికమేడు తవ్వకాల్లో దొరికిన పూసల దాకా దాని వంశవృక్షం గీశారు. అలాంటి గాజు పూసలు సముద్రాలు దాటి ఆగ్నేయాసియాకీ, ఆఫ్రికా తీరానికీ వెళ్ళాయి. ఆ పని చేసినవాళ్ళని ఎవరూ టైంపాస్ చేస్తున్నారనలేదు.

నా చిన్నప్పుడు మా ఊరికి పూసలావిడ వచ్చేది. అరుగు మీద బుట్ట దించేది. అందులో నల్లపూసల దండలు, పిన్నీసులు, సూదులు, కుంకుమ భరిణెలు. ఎవరేది అడిగినా ఆవిడ మాట్లాడుతూనే, బుట్ట వైపు చూడకుండానే తీసిచ్చేది. అలా ఎలా? పూసలన్నీ సైజు వారీగా దారానికి గుచ్చి ఉండేవి. దారమే ఆవిడ డబ్బా. ఇవాళ్టికీ చెక్ దేశపు పూసలు దారాలకి గుచ్చిన కట్టలుగానే వస్తాయి. కానీ అంతకంటే ముఖ్యం, ఆవిడ బుట్టలో ఏది ఎక్కడుందో ఆవిడే నిర్ణయించింది, దాన్ని ఇంకొకరు కదపలేదు. "కాస్త అది పక్కకి తీసెయ్, అన్నం తినాలి" అని ఆ బుట్టతో ఎవరూ అనలేదు. అది ఆవిడ పని అని ఊరంతా ఒప్పుకుంది. ఊళ్ళో అరుగు మీద పూసలావిడకి దక్కిన ఆ మర్యాద, అమెరికాలో సొంత ఇంట్లో ఇల్లాలికి దక్కటం లేదు.

మాది చిన్న అపార్ట్‌మెంట్ అంటారు కొందరు. నేను గది అడగటం లేదు. మడిచే కార్డ్ టేబుల్ చాలు, మడవకుండా ఉంచితే. అదీ పట్టకపోతే అంచులున్న పెద్ద పళ్ళెం, అడుగున మెత్తటి గుడ్డ, దాని మీదకి మూత, దాన్ని పెట్టటానికి ఆవిడ ఒక్కదానిదే అయిన అర ఒకటి. అలా పెడితే పరవటం ఒక నిమిషం, తియ్యటం ఒక నిమిషం.

పసిపిల్లలున్న ఇల్లండీ, మింగితే ప్రమాదం కదా అంటారు ఇంకొందరు. నిజమే. అందుకే కదా మొత్తుకుంటున్నది! పెరుగన్నం తినే బల్ల మీద రోజుకి రెండుసార్లు పూసలు పరిచి తీస్తే నేల మీద పడకుండా ఎలా ఉంటాయి? అందని ఎత్తులో, గడియ ఉన్న చోట, ఒక మూల స్థిరంగా ఉంటే పిల్లలకీ క్షేమం.

దాంతో నాలుగు డాలర్లు వస్తాయా అనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి నా జవాబు: గోల్ఫ్ కర్రలు ఇప్పటిదాకా ఎంత సంపాదించాయో ముందు చెప్పండి.

ఆడవాళ్ళతో కూడా ఒక మాట. మనకి డబ్బా కొనుక్కోవటం తేలిక, చోటు అడగటం కష్టం. డబ్బాకి ఎవరి అనుమతీ అక్కర్లేదు, చోటుకి ఇంట్లో ఒక సంభాషణ జరగాలి. ఆ సంభాషణ తప్పించుకోవటానికే కొత్త కొత్త డబ్బాలు ఇంటికొస్తున్నాయి. ఈ పుస్తకంలో కథలు రాసేవాళ్ళకి ఈ బాధ నేను చెప్పక్కర్లేదు. సగం రాసిన కాగితాల మీద ఎవరో కూరగాయల సంచీ పెడితే ఎలా ఉంటుందో వాళ్ళకి తెలుసు.

కాబట్టి ఈసారి పాట్‌లక్‌లో నన్ను ఏ డబ్బాలు కొనమంటారని అడిగేముందు, మీ బల్ల ఎక్కడుందో చెప్పండి. లేకపోతే వచ్చే శనివారం ఆ పన్నెండు కుర్చీల్లో రెండు తీసేసి, కిటికీ ఎండ నేరుగా పడని మూల చూసి, బల్ల ఆ చివర ఒక దీపం పెట్టండి. పళ్ళెం పెట్టండి. ఇది ఎవరూ కదపకూడదని ఇంట్లో అందరి ముందూ చెప్పండి. వ్రతానికి అతిథులొస్తే పది కుర్చీల్లో సర్దుకుంటారు. డబ్బాల సంగతి ఆ తరవాత మాట్లాడుకుందాం. అప్పటికి షూ పెట్టె చాలు.