ఇంటి వినోదములు: పెట్టెలో వచ్చిన కథ



బడికి సెలవు లిచ్చినంతనే బిడ్డలకు ప్రొద్దుపుచ్చుట యెట్లని తల్లులు చింతించుట ప్రతి యేటను గలదే. పటాన్‌చెరువు చెంతనున్న పటేల్‌గూడ వంటి చోట్ల నీ చింత మరికొంత హెచ్చు. కర్మాగారములలో పనులకై పలు ప్రాంతములనుండి వచ్చిన కుటుంబములు ప్రక్కప్రక్కనే కాపురముండును; ఇరుగుపొరుగు బిడ్డల మాతృభాషలే వేరు. వెలుపల నెండ, లోపల ఫోను. ఇట్టి సమయమున, కథయు నాటయు గలిసిన పెట్టె యొకటి కావలెనని బిడ్డ మారాము చేసినచో, కొనవచ్చునా కూడదా యను సందేహము తల్లికి గలుగును. కావున నా పెట్టె చరిత్రను ఈ నెల వ్రాయుచున్నాము.

ఈ యాట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. నేలమాళిగలు, రెక్కల మహాసర్పములు అని చెప్పుకొనవచ్చును. మన వైకుంఠపాళిలో గవ్వలు పడినట్లు కాయ నడచును; నిచ్చెన యెక్కుటయు, పాము నోట బడుటయు మన చేతిలో లేవు. ఇం దట్లు గాదు. ఒకరు కథ చెప్పుదురు. తక్కినవా రొక్కొక్కరు కథలో నొక వీరుడో, మంత్రజ్ఞురాలో యగుదురు. "గుహ ముందు నిలిచితివి. లోపల నేదో మూల్గుచున్నది. ఏమి చేయుదువు?" అని కథకురాలు ప్రశ్నించును. బిడ్డ తన బుద్ధికొలది బదులు చెప్పును. ఫలితము సందేహమైనప్పుడు పాచిక వేయుదురు. ఒకరి నొకరు ఓడించుట గాక, అందరును గలిసి గట్టెక్కుటయే యిందలి గెలుపు.

గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు కల్పించిన యీ యాట 1974లో అమెరికాలోని లేక్ జెనీవా పట్టణమునుండి వెలువడినది. చిన్న పెట్టెలో మూడు చిన్న పుస్తకములు. తొలి ముద్రణము వేయి ప్రతులు. అయితే యుద్ధపుటాటల నెరిగినవారికి దప్ప నవి బోధపడవు. చేయి తిరిగినవారు వ్రాసిన వంటపుస్తకములో "తగినంత ఉప్పు" అని యుండును. క్రొత్త కోడలికి తగినంత యన నెంత?

ఈ లోపమును దీర్ప దానై ముందుకు వచ్చినవాడు ఎరిక్ హోమ్స్ అను నాడీశాస్త్ర పండితుడు. ఆయన సవరించి కూర్చిన తొలి బోధపు పెట్టె 1977లో వచ్చినది. మరుసటి యేట మైక్ కార్ వ్రాసిన కథాపుస్తకము వెలువడి, ఆ పెట్టెలో జేరినది. అందు గుహల గదులు వర్ణించి, ఏ గదిలో నే భూతముండవలెనో, ఏ ధనముండవలెనో మాత్రము చదువరినే నింపు మన్నారు. చుక్కలు పెట్టియిచ్చి ముగ్గు వేయించినట్లన్నమాట. ఆ కాలముననే పాచికలు చాలక, అంకెల చీట్లు పెట్టెలో నుంచి, కత్తిరించి కప్పులో వేసి తీయు మన్నారు. ఆట యాగలేదు. అటుపిమ్మట గైగాక్స్ వ్రాసిన "సరిహద్దు కోట" కథ పెట్టెలో జేరినది.

1979లో జీన్ వెల్స్ అను నామె ఆ సంస్థలో ఆటల రచనకై చేరిన తొలి మహిళ. పాఠకుల సందేహములకు సమాధానములిచ్చు శీర్షికను పత్రికలో మొదట నడపినది యీమెయే. ప్రారంభకులకై ఆమె వ్రాసిన కథను 1981లో నచ్చువేసి, వెంటనే వెనుకకు దీసికొని, టామ్ మోల్డ్వేచే తిరుగ వ్రాయించిరి. క్రొత్త ప్రతిపై నిరువురి పేర్లును నిలిచినవి.

1983లో ఫ్రాంక్ మెంట్జర్ కూర్చిన యెర్రపెట్టె వచ్చినది. తోడెవ్వరును లేని బిడ్డయు నొంటిగా చదివి నేర్చుకొనునట్లు దీనిని వ్రాసిరి. గుహలో నలీనా యను నామె యెదురై, గాయములు మాన్పి, ఆటయొక్క మర్మములు బోధించును; కొలది పుటలలోనే దుష్టమాంత్రికుని చేత మరణించును. సూత్రముల నడుమ నొక చిన్న దుఃఖము! నాడు చదివిన బాలురు పెద్దవారై నేటికిని ఆ పేరు మరువలేదు.

తల్లుల భయమును గూర్చియు జెప్పవలెను. 1979లో మిచిగన్ రాష్ట్రమున నొక విద్యార్థి కనబడకపోగా, ఈ యాటయే కారణమై యుండునని వెదకవచ్చిన పరిశోధకు డూహించెను. పత్రికలు దానిని చాటినవి. నిజమునకు ఆ బాలుడు మనోవేదనతో వసతిగృహము విడిచెను. 1983లో పుత్రశోకమున నున్న యొక తల్లి ఈ యాటపై నుద్యమము లేవదీసెను. ఆమె వ్యాజ్యమును న్యాయస్థానము కొట్టివేసినది. ఆ తల్లి కన్నీటిని మేము తేలికగా నెంచము. కాని యందరి చూపును పెట్టెపై నిలిచినపుడు, మూల గూర్చున్న బిడ్డ మనస్సు నెవరు చూతురు? బిడ్డ యేమి యాడుచున్నాడనుటకన్న నెవరితో నాడుచున్నాడు, ఎట్లున్నాడు అనునవియే తల్లి కనిపెట్టవలసిన సంగతులు.

2014 నాటి పెట్టెలో సిద్ధముగా వ్రాసిన యైదుగురు వీరుల పత్రములు, 32 పుటల సూత్రములు, 64 పుటల కథ, ఆరు పాచికలు నుండినవి. పండ్రెండేండ్లు నిండినవారికని దానిపై వ్రాసిరి. కథ ఎద్దులబండిపై సరకు తోలుటతో నారంభమగును! 2025లో వచ్చిన పెట్టె తిరిగి పాత సరిహద్దు సీమకే బిడ్డలను గొనిపోయినది.

కొనదలచినవారు కొనవచ్చును. పుస్తకము ఆంగ్లమున నుండును గనుక, తల్లి మధ్యాహ్నమున నొక ఘట్టము ముందుగా జదివి, సాయంకాలము తెలుగున జెప్పుట మేలు. ప్రక్కయింటి బిడ్డకు తెలుగు రానిచో మన బిడ్డయే వానికి తెలియజెప్పును. కొన శక్తి లేనివారు విచారింప బనిలేదు. కాగితము, పెన్సిలు, ఒకటి మొదలిరువది వరకు అంకెలు వ్రాసిన చీట్లు చాలును. కథకేమి, కాశీమజిలీ కథలు విని పెరిగిన యిండ్లు మనవి. ఇంతకాలము కథ చెప్పి "ఊ" కొట్టించుకొంటిమి, ఈ సెలవులలో నడుమ నాగి, "నీవైతే నేమి చేయుదువు?" అని యడిగి, బిడ్డ బదులు పలుకువరకు నోపికతో వేచియుండ బ్రార్థన.