బూస్టరు ఒకరికి, బాధ పదిమందికి

రంగారెడ్డి జిల్లా కలెక్టరేటు 2022లో కొంగరకలాన్‌కు తరలిపోయినా, పల్లె జనానికి లక్డీకాపూల్‌తో పని తీరలేదు. పసిబిడ్డకు జబ్బు చేస్తే నిలోఫర్, క్యాన్సరని తేలితే ఎం.ఎన్.జె. ఆసుపత్రి, రెండూ ఆ చుట్టుపక్కలే. రోగి వెంట వచ్చినవారికీ ఊళ్లో ఉన్నవారికీ మధ్య సెల్‌ఫోనే ఆధారం. నెత్తురు కావాలన్నా, డబ్బు పంపాలన్నా ఆ ఫోను పలకాలి.

నగరంలో టవర్లకు కొదవ లేదు. అయినా కొన్నిచోట్ల ఫోనులో గీతలు నిండుగా కనిపిస్తాయి, మాట మాత్రం అవతలికి పోదు. దీనికి గల కారణాల్లో అనుమతి లేని బూస్టర్లు ఒకటి. మైకును లౌడ్‌స్పీకరుకు ఎదురుగా పెడితే కీచుమని కూత పెట్టడం ఊళ్లో అందరూ విన్నదే. నాసిరకం బూస్టరు చేసేదీ అదే. లోపలి యాంటెన్నా వదిలిన సిగ్నలును బయటి యాంటెన్నా మళ్లీ పట్టుకుంటుంది. ఆ రొద టవరు రిసీవరుకు చేరుతుంది. దూరాన ఉన్న ఫోన్ల సన్నని సిగ్నళ్లు ఆ రొదలో మునిగిపోతాయి. కుళాయికి మోటారు బిగించినవాని ఇంట నీళ్లు, పొరుగింట ఖాళీ బిందె అన్నట్లు ఉంటుంది వ్యవహారం.

లైసెన్సు ఉన్న కంపెనీలు తప్ప ఇతరులు బూస్టర్లు ఉంచుకోవడం, అమ్మడం చట్టవిరుద్ధమని కేంద్ర టెలికాం శాఖ 2022 జనవరిలో స్పష్టం చేసింది. పెట్టెలను పట్టుకుపోవడం అవసరమే. కాని అంతటితో సరిపోదు. కాంక్రీటు గోడల మధ్య సిగ్నలు అందకనే చాలామంది వాటిని కొంటున్నారు. ఆ కొరత తీర్చవలసింది నెలనెలా రీచార్జి డబ్బు తీసుకునే కంపెనీలే. పెద్ద ఆసుపత్రులు, కార్యాలయాల లోపల పద్ధతి ప్రకారం చిన్న యాంటెన్నాలు అమర్చాలి. భవనాలకు సిగ్నలు సదుపాయాన్నిబట్టి రేటింగు ఇచ్చే నిబంధనలను ట్రాయ్ 2024 అక్టోబరులో జారీ చేసింది. ప్రజలు ఎక్కువగా వచ్చే భవనాలకు ముందుగా ఆ రేటింగు తీసుకోవడం సముచితం.

పల్లెల్లోనూ స్లాబు ఇళ్లు పెరిగాయి. సిగ్నలు లేదని ఎవరో చెప్పిన పెట్టె కొనితెచ్చుకునే ముందు, కంపెనీకి ఫిర్యాదు చేసి నంబరు తీసుకోవాలి. పరిష్కారం కాకుంటే ఆ కంపెనీ అప్పీలు అధికారికి చెప్పుకోవచ్చు. ఒక ఇంటి బూస్టరు మరో ఇంటి అంబులెన్సు పిలుపును మింగేయరాదు. అధికారులు, కంపెనీలు ఇకనైనా శ్రద్ధ వహించవలసి ఉంది.