జానెడు వెడల్పు, మూరెడు పొడవు

దసరా దాటిందంటే మా గోదావరిఖనిలో రెండు సంగతుల మీద చర్చ నడుస్తుంది. సింగరేణి లాభాల వాటా చేతికి ఎంత వచ్చిందన్నది మొదటిది. వచ్చినదాన్ని ఎందులో పెట్టాలన్నది రెండవది. వెనుక రెండవ ప్రశ్నకు జవాబు వెతుక్కోనక్కర లేకపోయేది. ప్లాటు, లేదా పిల్ల పెళ్లి, అదీ కాకపోతే ఊళ్లో పాత బాకీ. ఇప్పుడు వీటి సరసన మరొకటి వచ్చి కూచున్నది: అడవికి పోయే బండి. ప్లేడే ముందురోజు డ్యూటీ దిగగానే గుడారం, గ్యాసుపొయ్యి వేసుకుని, పెళ్లాంపిల్లలతో ఏ వాగు వొడ్డుకో వెళ్లి, రాత్రి అక్కడ పడుకుని రావటానికి పనికొచ్చే బండి అన్నమాట. సరే, పెద్దదా, చిన్నదా? తగవంతా అక్కడే.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి బండ్ల గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. మా కాలేజీ స్టాఫురూములో ప్రబంధాలను గురించి మాట్లాడేవాణ్ణి నేనొక్కణ్ణే. బండ్లను గురించి మాట్లాడేవారు తొమ్మండుగురు. సహవాస దోషం! పైగా సెలవు దొరికితే చెట్ల కిందికి పరుగెత్తే జబ్బు నాకూ వున్నది.

బొగ్గుబావుల వాళ్లకు ఇటువంటి బండి కొత్తదేమీ కాదు. మహీంద్రావారు 1949లో బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించటం మొదలుపెట్టారు. ఆ తరవాత చాలాకాలం జీపంటే దొరల బండే. అది వస్తున్నదంటే మేనేజరు వస్తున్నాడని లెక్క. 1985లో మారుతీవారి జిప్సీ వచ్చింది. ఓపెన్‌కాస్టుల్లో తిరిగే మరో బండి పేరు క్యాంపరు. పేరుకు క్యాంపరే గాని, దానిలో వెళ్లి వనవిహారం చేసినవాళ్లను నేనైతే చూడలేదు.

ఇప్పుడు బజారులో నిలబడి పోట్లాడుకుంటున్నవి ముఖ్యంగా రెండు. చిన్నది మారుతీ జిమ్నీ. అయిదు తలుపుల బండి, మన దేశంలో 2023 జూన్‌లో విడుదలయింది. పెద్దది మహీంద్రా థార్ రాక్స్, 2024 ఆగస్టులో వచ్చింది. మొదటిదాని వెడల్పు 1,645 మిల్లీమీటర్లు, రెండవదాని వెడల్పు 1,870. పొడవులు 3,985, 4,428. ఈ అంకెలు చూసి కంగారు పడకండి. మన కొలతల్లోకి మార్చుకుంటే రెంటికీ మధ్య తేడా వెడల్పులో జానెడు, పొడవులో మూరెడుకు వొక వేలు తక్కువ. ఈ జానెడూ మూరెడూ కోసం మనిషి ఆరేడు లక్షలు అదనంగా పెట్టాలా అన్నదే అసలు ప్రశ్న. విడుదలైన నాడు జిమ్నీ ధర పన్నెండు లక్షల డెబ్బై నాలుగు వేల దగ్గర మొదలయితే, ఫోర్ బై ఫోర్ రాక్స్ పద్ధెనిమిది లక్షల డెబ్బై తొమ్మిది వేల దగ్గర మొదలయింది. రోడ్డు పన్నూ భీమా దీని మీద వేరే.

ఇక్కడ వొక మాట చెప్పాలి. జిమ్నీ ఏది కొన్నా నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందుతుంది, లో గేరు కూడా వుంటుంది. రాక్స్ సంగతి అట్లా కాదు. విడుదలయినప్పుడు ఫోర్ బై ఫోర్ సదుపాయం డీజిలు బండ్లలో కొన్నిటికే పెట్టారు. ఆకారం చూసి పెట్రోలు బండి కొనుక్కుని, ఇసుకలో దింపి, వెనక చక్రాలు మాత్రమే తిరగటం చూసి బిత్తరపోయిన పెద్దమనిషి వొకరు నాకు తెలుసు. ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూసే జాతి మనది. బండి కొనేటప్పుడు గేరుకర్ర పక్కన రెండవ కర్ర వుందో లేదో చూడవద్దూ?

మా వాడకట్టులో వొక ఓవర్‌మన్ వున్నాడు. అన్నా అని పిలుస్తాను. ఇంకా నాలుగేళ్ల సర్వీసుంది. భార్య, ఇంజనీరింగులో చేరబోతున్న కొడుకు, తొమ్మిదో క్లాసు కూతురు, డెబ్బై దాటిన తల్లి. మొన్న దసరా తరవాత ఆయన ఇంటి అరుగు మీద కూచుంటే ఈ ప్రస్తావన వచ్చింది.

“సారూ, గన్ని పైసలు పెట్టినంక నలుగురే కూసునే బండేంది? మేం అయిదుగురం గదా!” అన్నాడు.

జిమ్నీలో సీట్లు నాలుగే, రాక్స్‌లో అయిదు.

“అత్తమ్మను ఇంట్ల ఇడిసిపెట్టి మనం అడవికి పోయి ఏం జేస్తం?” అన్నది వదిన లోపలినించి.

అవ్వ మాత్రం, “నా ముచ్చట ఇడిసిపెట్టుండ్రి బిడ్డా. నేను ఇంట్లనే ఉంట. జాతరకు మాత్రం తోలుకపోండ్రి, సాలు,” అన్నది.

జాతర అంటే మేడారమే. మా ప్రాంతంవాళ్లకు గుడారం వేసుకుని బయట పడుకోవటం ఎవరూ కొత్తగా నేర్పనక్కర లేదు. రెండేళ్లకొకసారి మాఘమాసంలో సమ్మక్క సారలమ్మల దగ్గరికి వెళ్లి, జంపన్నవాగు పక్కన టార్పాలిను కట్టుకుని, మూడు రాళ్ల పొయ్యి మీద వండుకు తినటం తాతల నాటి అలవాటు. అప్పుడు ఎడ్లబండ్లు. ఎద్దులకు ఫోర్ బై ఫోర్ వేరే ఎందుకు!

జాతర పేరు రాగానే నేను లెక్క మొదలుపెట్టాను. జిమ్నీ బరువు సుమారు 1,200 కిలోలు. మనుషులతో, సామానుతో కలిపి 1,545 దాటకూడదు. అంటే మనం ఎక్కించగలిగింది 345. మనిషికి 65 చొప్పున నలుగురు ఎక్కితే 260 అయిపోయె. మిగిలిన 85 కిలోల్లో గుడారం, పరుపులు, నీళ్ల క్యాను, బియ్యం, గిన్నెలు, కోడిపుంజు. ఇంక అవ్వ మొక్కుకున్న నిలువెత్తు బంగారం ఎక్కడ పెట్టాలి? అవ్వ ఎంత బరువుంటే అంత బెల్లం కదా! యాభై కిలోలనుకున్నా డిక్కీ నిండిపోయింది. ఆ డిక్కీ కూడా 208 లీటర్లదే, రాక్స్‌ది 447.

“అందుకే పెద్దది కొందామంటున్న,” అన్నాడు అన్న, గెలిచినట్టు.

కాని జాతర రెండేళ్లకొకసారి. ఆ నాలుగు రోజులకు గోదావరిఖనినించి ఆర్టీసీవారు ప్రత్యేకం బస్సులు వేస్తారు. బంగారం బస్సులోనే వస్తుంది. మిగిలిన ఏడువందల పైచిలుకు రోజులకు ఏది కావాలో చూసుకోవాలి గాని, నాలుగు రోజుల బండిని ఏడేళ్ల వాయిదాల మీద కొనటం ఏం లెక్క? సర్వీసేమో నాలుగేళ్లు. అప్పు మిగిలిన మూడేళ్లూ పెన్షన్లోనించి కట్టాలి. బొగ్గుబావి పెన్షను ఎంత వస్తుందో ఓవర్‌మన్‌కు నేను చెప్పాలా? ఆయన మాట్లాడలేదు. కొడుకు మాత్రం నావైపు గుర్రుగా చూశాడు. వాడు పెద్ద బండి పక్షం. అయితే వచ్చే ఏడు హాస్టలుకు పోయేది వాడే. వాడి సీటు అవ్వకు వస్తుంది. ఈ మాట పైకి అనలేదు గాని, వదినకు తట్టినట్టే వుంది.

తీర్పు చివరికి అవ్వే చెప్పింది. కరీంనగర్‌కు తీసుకువెళ్లి రెండు బండ్లూ ఎక్కించి చూశారట. చిన్నదానిలోకి తలుపు పట్టుకుని తనే ఎక్కింది. పెద్దదానిలోకి ఇద్దరు చెరొక రెక్కా పట్టుకుని ఎత్తవలసి వచ్చింది. “ఇది ఏనుగు లెక్కున్నది, నాకొద్దు,” అన్నదట. చిన్నదానికే బయానా ఇచ్చారు.

అందరికీ ఇదే నప్పుతుందని నేను అనను. ఇంట్లో అయిదుగురూ కదలని కుటుంబమైతే, ఏడాదికి నాలుగుసార్లు అరకు దాకా రోడ్డు పట్టేవారైతే, వారికి రాక్సే సుఖం. జిమ్నీ వెనక సీటులో ముగ్గురిని కుక్కటం చట్టానికీ విరుద్ధం, నడుముకూ విరుద్ధం. రాజీవ్ రహదారి మీద లారీల మధ్య పెద్ద బండి నిలకడే వేరు.

అడవి బాటలో మాత్రం నా వోటు చిన్నదానికే. ఎడ్లబండి బాటకు రెండువైపులా తుమ్మకంపలుంటే ఆ జానెడు వెడల్పు విలువ తెలుస్తుంది. కిందటి వానాకాలం సబ్బితం జలపాతం చూడబోయి, నా మిత్రుడొకాయన తన పెద్ద బండిని దారి పక్క రేగడిలో దించాడు. నానిన రేగడి సంగతి మీకు తెలుసుగా; టైరు గాడులన్నీ పూడిపోయి చక్రం అప్పచ్చిలాగా నున్నగా అవుతుంది. అప్పుడు ఫోర్ బై ఫోర్ అంటే నాలుగు చక్రాలూ కలిసి జారటమే. ఆరుగురం నెట్టాం, అంగుళం కదలలేదు. ట్రాక్టరు వచ్చి లాగింది. ట్రాక్టరతను పదిహేను వందలు తీసుకుని, నవ్వు మాత్రం ఉచితంగా ఇచ్చాడు. పన్నెండు వందల కిలోల బండయితే ఆ ఆరుగురే సరిపోయేవారు.

వాగుల దగ్గర మాత్రం పెద్దా చిన్నా రెండూ వొకటే. రాక్స్ 650 మిల్లీమీటర్ల నీటిలో, అంటే మోకాలి పైదాకా, నడుస్తుందని కంపెనీవారి మాట. అది నిలిచిన నీటి లెక్క. పారే వాగు మోకాలి లోతున్నా బండిని పక్కకు తోసేస్తుంది. ఇంజనులోకి నీరు పోతే మామూలు భీమా కింద ఆ ఖర్చు రాబట్టుకోవటం కష్టం. దానికి ఇంజను రక్షణ అని వేరే కట్టాలి. ఓబీ గుట్టలెక్కించి బండి సత్తా చూద్దామనే కుర్రాళ్లు కూడా వున్నారు మా దగ్గర. అది వదులు మట్టి, వానకు జారుతుంది. గని హద్దులోకి బయటివాళ్లు పోకూడదు కూడాను.

ఇన్ని లక్షలు పోసి కొన్నాం గదా, కవ్వాల్ అడవిలో ఇష్టం వచ్చిన చోట గుడారం వేస్తామంటే కుదరదు. అది 2012నించీ పులుల అభయారణ్యం. లోపలికి సఫారీ బండిలో వెళ్లవలసిందే. మీ బండి జన్నారంలో హరిత బస ముందు నీడన నిలబడి వుంటుంది. రామగిరి ఖిల్లాకు పోయినా అంతే, కొండ కింద బండి దిగి నడవాలి. ఎటొచ్చీ మిగిలేది ఊళ్ల చివరి చెరువుగట్లూ, తోటలూ, గోదారి ఇసుకా. తోటయితే ఆసామిని ముందుగా అడగండి. మామిడికాయలు కూడా ఇస్తాడు.

ఇసుకలోకి దిగేముందు టైర్లలో గాలి ముప్పై పాయింట్లనించి పద్ధెనిమిదికి దించండి. టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. తిరిగి తారురోడ్డెక్కగానే మళ్లీ నింపుకోవాలి. అందుకు బండిలోనించే కరెంటు తీసుకునే పంపు రెండు మూడు వేలకు దొరుకుతుంది. అన్నకు ఈ సంగతి చెబితే, పంపు అప్పుడే కొనేశాడు. బండి ఇంకా రాలేదు. కూతురు సైకిలు టైర్లకు గాలి కొడుతున్నాడు.