నాపరాయి అడుగు భాగం

తాండూరు పరిసరాల్లోని నాపరాతి గనులను చూసినవారికి ఒక విషయం తెలుసు. అక్కడి రాయి ఒకే ముద్ద కాదు, పొరల పేర్పు. కోట్ల సంవత్సరాల క్రితం నీటి అడుగున ఒకదానిపై ఒకటి పేరుకున్న పొరలే నేడు నీలి, పసుపు బండలై మన ఇళ్లలో పరచుకున్నాయి. పాలిష్ యంత్రం బండను ఒకవైపే నునుపు చేస్తుంది. రెండోవైపు గరుకుగానే సిమెంటులో పూడిపోతుంది. దాన్ని ఎవరూ చూడరు.

మనిషి అంతరంగానికి కూడా పొరలున్నాయి. దివ్య ఖుర్ఆన్ వాటిలో మూడింటిని ప్రస్తావించింది. చెడుకు పురికొల్పే మనసు ‘నఫ్సె అమ్మారా’ గురించి యూసుఫ్ సూరా (12:53) తెలుపుతోంది. తప్పు చేసినప్పుడు తనను తానే నిందించుకునే ‘నఫ్సె లవ్వామా’పై ఖియామహ్ సూరా (75:2)లో అల్లాహ్ ప్రమాణం చేశాడు. తన ప్రభువు పట్ల తృప్తి చెందిన ‘నఫ్సె ముత్‌మయిన్నా’ను ఫజ్ర్ సూరా (89:27) ఆప్యాయంగా పిలుస్తోంది. ఇవి మూడు వేర్వేరు ఆత్మలు కావు, ఒకే మనసుకు గల మూడు స్థితులని ధర్మవేత్తలు వివరించారు. ఉదయం ఫజ్ర్ నమాజులో కన్నీరు పెట్టిన మనిషే మధ్యాహ్నం మార్కెట్‌లో కంది బస్తా కాంటాపై ఉన్నప్పుడు చేతివాటం చూపవచ్చు. ఆ రాత్రి నిద్ర పట్టక పొర్లేదీ అతనే.

కొంతకాలం క్రితం వికారాబాద్‌లో ఒక కుటుంబ తగవు పరిష్కారానికి పెద్దలతోపాటు మేమూ కూర్చున్నాము. భర్త నలుగురిలో మంచివాడన్న పేరున్నవాడు. నమాజీ, మృదుభాషి. అందరూ అతని గుణగణాలు చెప్పుకొచ్చారు. చివరకు భార్య ఒకే మాట అన్నది: “భాయ్‌సాబ్, మీరు చెప్పే ఆ మనిషిని నేనెరుగను. బయటివారికి చెప్పే సలాములో సగమైనా మా ఇంటి గడప లోపలికి వస్తే నాకు చాలు.”

గది నిశ్శబ్దమైపోయింది. అతడు తనను సమర్థించుకోలేదు, తల దించుకున్నాడు. ఆ దించిన తలలో మాకు నఫ్సె లవ్వామా కనిపించింది. ఆ రాత్రి ఇంటికి చేరాక తలుపు తట్టే ముందు మేమూ ఒక క్షణం ఆగవలసి వచ్చింది. మా ఇంటివారిని అడిగితే ఏమి చెబుతారు?

నునుపుతేలిన ముఖం ప్రపంచానికి, గరుకు ముఖం ఇంటివారికి! మనలో ఎందరి జీవితం ఇలా సాగిపోవడం లేదు? ఇంటివారి పట్ల ఉత్తమంగా మెలిగేవారే ఉత్తములని దైవప్రవక్త (స) బోధించారు. ఆయన ఇంట్లో ఉన్నంతసేపు ఇంటిపనుల్లో తోడ్పడేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఆయన జీవితంలో లోపలి పొర, వెలుపలి పొర అంటూ రెండు లేవు.

ఇమామ్ గజాలీ 1095లో బాగ్దాద్ నిజామియా విద్యాలయంలో అత్యున్నత ఆచార్య పదవిని వదులుకున్నారు. తన బోధన వెనుక అల్లాహ్ ప్రసన్నత కంటే పేరుప్రతిష్ఠల కాంక్షే ఎక్కువగా ఉందేమోనన్న సందేహం ఆయనను కుదిపివేసింది. లోకమంతా మెచ్చిన పొర కింద ఏముందో ఆయన తానే తవ్వి చూసుకున్నారు.

రాయికీ మనిషికీ పోలిక ఇంతవరకే. రాతిపొర తనను తాను మార్చుకోలేదు. మనసు మాత్రం పశ్చాత్తాపంతో మారుతుంది. మనసును పరిశుద్ధపరచుకున్నవాడే సఫలుడని షమ్స్ సూరా (91:9) ప్రకటిస్తోంది. కనుక రాత్రి ఇషా తరువాత ఐదు నిమిషాలు లెక్క చూసుకుందాం: ఈ రోజు ఇంట్లో నా గొంతు ఎంత పెరిగింది? నా పిల్లలు నన్ను చూసి దగ్గరకు వచ్చారా, పక్క గదిలోకి తప్పుకున్నారా? క్షమాపణ కోరవలసింది ఎవరిని? ఆ క్షమాపణను తెల్లవారేదాకా వాయిదా వేయవద్దు.

సిమెంటులో పూడిన ముఖాన్ని మనుషులు చూడరు. అల్లాహ్ చూస్తున్నాడు. మన బాహ్యం కంటే మన అంతరంగాన్ని ఆయన ఉత్తమంగా తీర్చిదిద్దుగాక! ఆమీన్.