చెత్త కాదు, చదువే



దసరా సెలవుల్లో మా ఊరి గుట్ట కాడ ఒక నల్లరాయి దొరికింది. దాని కడుపులో చిన్న గూడు. ఆ గూట్లో తెల్లటి పలుకులు దీపం పెట్టినట్టు మెరుస్తున్నయి. పెట్టెలో పెట్టుకొని తెచ్చిన. పెట్టెల తనిఖీ రోజు "ఇది చెత్త" అని పారేసిన్రు. ఏడ్చిన. ఏడిస్తే పని కాదని ఇది రాస్తున్న.

మా ఆదిలాబాద్ గుట్టల నల్లరాయి, లావా చల్లారి గట్టిపడితే అయిందని సైన్సు సారు చెప్పిన్రు. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏండ్ల కిందటి మాట. మహారాష్ట్రలో మస్తుగ పారి మన దిక్కు దాక వచ్చింది. లావాలో గాలి బుడగలు చిక్కుకొని గూళ్లయినయి. తర్వాత రాతిలో ఊరిన వేడినీళ్ల నుండి ఆ గూళ్లలో తెల్ల ఖనిజాలు పేరుకున్నయి. వాటిలో జియోలైట్లు ఒక జాతి.

1756లో స్వీడన్ శాస్త్రవేత్త క్రోన్‌స్టెడ్ అలాంటి రాయిని కాల్చితే, లోపలి నీళ్లు ఆవిరై అది పొంగింది. అందుకే గ్రీకు మాటలతో "ఉడికే రాయి" అని పేరు పెట్టిండు. దానికి కంటికి కనపడని రంధ్రాలుంటయి, జల్లెడ లెక్క. బోరు నీళ్లల్ల సబ్బు నురుగు రానియ్యని కాల్షియంను పట్టుకొని, సోడియంను వదుల్తది. ఫ్యాక్టరీల తయారైన జియోలైటును బట్టలుతికే కొన్ని పొడుల్లో కలిపేది అందుకే.

మరి నా రాయి జియోలైటేనా? చెప్పలేను. గాజు పెంకు మీద గీత పెడితే పలుగురాయి కావచ్చు. పొడి చేసి నిమ్మరసం పిండితే బుసబుస నురుగొస్తే కాల్సైటు కావచ్చు. పరీక్ష చేద్దామంటే రాయే లేకపాయె!

మా అవ్వ రోజంతా కంకర కొడుతది. అక్షరం రాదు. కానీ ఏ రాయి ఎక్కడ కొడితే పగులుతదో ఆమెకు తెలుసు. రాయి పుస్తకంలో బొమ్మయితే చదువు, మన పెట్టెలో ఉంటే చెత్తనా?

మేడం, పెట్టెలు శుభ్రంగ ఉండాలె, ఒప్పుకుంటం. రాళ్ల బరువుకు పెట్టె అడుగు కూడ ఊడుతది. అందుకే సైన్సు గది గోడకు ఒక చెక్క కొట్టించండి. సెలవులకు పోయినప్పుడల్లా తలా ఒక రాయి తెస్తం. ఊరి పేరు, ఇంట్ల మన భాషలో పిలిచే పేరు, తెచ్చిన పిల్ల పేరు చీటీ మీద రాస్తం. పరీక్ష చేసినంక పుస్తకం పేరు కూడ రాస్తం.

సంక్రాంతికి పోయి మళ్లీ తెస్త. ఈసారి పారేసే ముందు ఒక్కమాట అడగండి.

— 9వ తరగతి విద్యార్థిని